పరిణయానంతర ప్రణయము: జానెట్ ఓక్ నవలా విమర్శనము

సంస్కృతాంధ్ర కావ్యములయందు ప్రణయము ముందు, పరిణయము పిమ్మట. నలదమయంతుల నడుమ హంస రాయబారము నడపెను. రుక్మిణి విప్రునిచే సందేశము పంపెను. ఉష కలలో గాంచినవానిని చిత్రపటమున గుఱుతించెను. వసుచరిత్రమున విరహవర్ణనలు నడచిన పిమ్మటనే గిరికావసురాజుల వివాహఘట్టము వచ్చును. ఆలంకారికులు దీనికి పూర్వరాగమని పేరిడి, దాని దశలను భేదములను విస్తరించి చెప్పియున్నారు. అయినను ఈ కావ్యములను పఠించిన గృహస్థుల యిండ్లలో జరిగిన పెండ్లిండ్ల క్రమము దీనికి విలోమము. అడ్డుతెర తీయువఱకు వధూవరులు ఒకరి మొగమొకరు చూడని వివాహములే చిరకాలము సంప్రదాయముగా నుండెను. కావ్యమున పూర్వరాగము, లోకమున పశ్చాద్రాగము. మనవారు దేనిని అనుభవించిరో దానిని వర్ణింపలేదు. దేనిని వర్ణించిరో దానిని తమ యింట సహింపలేదు.

పెండ్లి యైన పిమ్మట అపరిచితుల నడుమ రతిభావ మెట్లు అంకురించునను ప్రశ్నను ప్రధానవస్తువుగా గైకొన్న గ్రంథమొకటి ఆంగ్లభాషలో నున్నది. కెనడా దేశపు రచయిత్రి జానెట్ ఓక్ 1979లో ప్రకటించిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' యను నవల యది. ప్రేమ మెల్లమెల్లన వచ్చునని ఆ పేరునకు తాత్పర్యము. రచయిత్రి 1935లో ఆల్బర్టా రాష్ట్రమందలి ఛాంపియన్ అను నూర జన్మించినది. ఇది యామె తొలి నవల. పాఠకుల యాదరమువలన ఈ కుటుంబగాథయే ఎనిమిది నవలల మాలికగా పెరిగినది. 2003లో ఈ తొలి గ్రంథము చలనచిత్రముగను వెలువడినది.

అమెరికా పడమటి సీమలను, అచ్చట క్రొత్తగా కాపురములు పెట్టిన వలసవారిని ఆశ్రయించి పుట్టిన కథాశాఖకు 'వెస్టరన్' అని పేరు. ఓవెన్ విస్టర్ 1902లో వెలువరించిన 'ది వర్జీనియన్', జేన్ గ్రే 1912లో వెలువరించిన 'రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్' ఈ శాఖకు ప్రసిద్ధోదాహరణములు. ఆ శాఖకు వాడుకయైన సామగ్రి గుఱ్ఱము, తుపాకి, పగ. కథ ఎంత ప్రణయమును చేర్చుకొన్నను వీరరసమునకు అందు పెద్దపీట. జానెట్ ఓక్ ఆ సీమనే గైకొని ఆ సామగ్రిని విడిచిపెట్టినది. ఆమె కథకు రంగము వంటయిల్లు. అందలి సంగ్రామము పొయ్యితోను, చలితోను, దుఃఖముతోను.

కథాసంగ్రహ మిది. మార్టి యను యువతి తన భర్త క్లెమ్‌తో గూడ పడమటి భూములకు వచ్చినది. అచ్చట అతడు ప్రమాదవశమున మరణించును. ఆమె గర్భవతి, చేత ధనము లేదు, తలదాచుకొన ఇల్లు లేదు, చలికాలము సమీపించుచున్నది. క్లెమ్‌ను పూడ్చిపెట్టిన దినముననే క్లార్క్ డేవిస్ అను పొరుగుసేద్యగాడు ఆమెకడకు వచ్చి వివాహము ప్రస్తావించును. అతని భార్య యెల్లెన్ అంతకుముందే గతించినది. మిస్సీ యను పసికూతురు మాత్రము మిగిలినది. ఆ శిశువునకు తల్లి కావలెను. ఈ స్త్రీకి నీడ కావలెను. మతగురువు ఆ దినమున ఆ ప్రాంతమున నున్నాడు. వెడలిపోయినచో మరల వసంతము వఱకు రాడు. తూర్పునకు మరలు బండ్లును వసంతముననే గాని దొరకవు. అప్పటికిని ఆమె మనసు స్వదేశమునందే యున్నచో దారిఖర్చు తానే యిచ్చి పంపెదననియు, అయితే మిస్సీని గూడ తనతో కొనిపోవలెననియు అతడు కట్టడి చేయును. వేఱు దారి గానక ఆమె సమ్మతించును. ఒక్క పగటిలో వితంతువు మరల వధువగును. నాటినుండి ఆమెయు శిశువును ఇంటిలోను, క్లార్క్ ఇంటికి చేర్చిన సాయబానులోను పరుండుదురు. శీతకాలము గడచును; మార్టి మగశిశువును కనును; ఇంటిపనులు నేర్చుకొనును; వసంతము వచ్చి బండ్లు కదలు వేళకు ఆమె వెడలనొల్లదు. ఇంతియే కథ.

మొదట ఎదురగునది యౌచిత్యప్రశ్నము. భర్త దేహము మట్టిలో చేరిన దినముననే స్త్రీ మఱియొకని చేపట్టుట ఏ దేశపు పాఠకునకైనను గగుర్పాటు కలిగించును. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినపుడు పుట్టిన అలజడిని చదివిన ఆంధ్రులకు, ఈ ఘట్టము మఱింత దుస్సహముగా తోచవచ్చును. రసభంగమునకు అనౌచిత్యముకంటె వేఱు కారణము లేదని ఆనందవర్ధనుడు చెప్పియున్నాడు. కావున ఈ నవల తొలి ప్రకరణములలోనే భగ్నమైనదా యని విచారింపవలెను.

భగ్నము కాలేదు. ఏలన, రచయిత్రి ఈ వివాహమును శృంగారకార్యముగా చిత్రింపలేదు. అందు రతిభావము లేశమును లేదు. వధువునకు వరునియెడల నున్నది విముఖత. వరునకు వధువుయెడల నున్నది జాలి, తన బిడ్డయెడల నున్నది దిగులు. ఆ వివాహక్రియ ఆపద్ధర్మముగా నడచినది. ఆపద్ధర్మమునందు కాలనియమము సడలుట మన ధర్మశాస్త్రజ్ఞులు ఎఱుగనిది కాదు. వివాహమంత్రము ముగిసినను ఆమె హృదయమున క్లెమ్ భార్యగానే మిగిలియున్నదను సంగతిని రచయిత్రి పుటపుటను జ్ఞప్తి చేయును. తొందర లౌకిక క్రియకు మాత్రమే, మనస్సునకు కాదు. ఈ భేదమును గట్టిగా పట్టుకొనుటయే ఈ నవలకు ప్రాణము.

త్వరితవివాహమునకు మన వాఙ్మయమున ప్రసిద్ధమైన యుదాహరణము శకుంతలాదుష్యంతుల గాంధర్వము. ఆ రెంటిని సరిపోల్చిన యెడల విషయము తేటపడును. అచ్చట త్వరకు హేతువు కామము, ఇచ్చట అవసరము. అచ్చట క్రియ రహస్యము. ఇచ్చట మతగురువు సాక్షిగా బహిరంగము. అచ్చట రాజిచ్చిన మాటకు గుఱుతు ఉంగరమొక్కటియే; ఇచ్చట ఇరువురి కట్టడులు ముందే తేటతెల్లము. ఎదుటివారి హృదయ మెఱుగక రహస్యముగా చేసికొన్న చెలిమి పగగా పరిణమించునని కాళిదాసు శార్ఙ్గరవునిచేత పంచమాంకమున హెచ్చరిక చేయించెను. మార్టియు క్లార్కును ఒకరి హృదయ మొకరు ఎఱుగరు. కాని యెఱుగమని యెఱుగుదురు. ఆ యెఱుకయే వారిని కాపాడినది. అనురాగమున్నదను భ్రాంతితో మొదలిడిన కాపురము శాపము పాలయ్యెను. అనురాగము లేదను సత్యముతో మొదలిడిన కాపురము నిలిచెను.

ఇక ప్రధానమైన చిక్కు రసవిరోధము. నవల మొదటి భాగమున కరుణము పరిపూర్ణముగా నున్నది. తుది భాగమున శృంగారము నిలువవలెను. ఈ రెండును పరస్పరవిరోధులని ఆలంకారికుల మతము. అందును ఆశ్రయ మొక్కతయే; పోయినవానికై యేడ్చిన కన్నులే ఉన్నవానివంక చూడవలెను. విరుద్ధరసములు ఏకాశ్రయములైనప్పుడు, రెంటికిని విరోధము లేని మఱియొక రసమును నడుమ నిలుపవలెనని ధ్వన్యాలోకము తృతీయోద్యోతమున మార్గము చూపినది. నాగానందమున జీమూతవాహనుని శాంతమునకును మలయవతీశృంగారమునకును నడుమ అద్భుతము నిలుపబడినదని ఆనందవర్ధనుని యుదాహరణము. జానెట్ ఓక్ ధ్వన్యాలోకమును చదివియుండవలసిన పని లేదు. లక్షణము లక్ష్యమునుండి పుట్టినదే గాని లక్ష్యము లక్షణమునుండి కాదు. అయినను ఆమె అనుసరించినది సరిగా ఆ మార్గమే.

నడుమ నిలిచిన రసము వాత్సల్యము. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దీనిని ప్రత్యేకరసముగా అంగీకరించెను. మార్టి మొదట మిస్సీనిగూడ దగ్గఱకు రానీయదు. ఆ శిశువు తనకు గట్టిన మూల్యమని ఆమె తలపు. కాని పసిపాపకు ఒడంబడికలు తెలియవు. ఆకలియైనచో ఏడ్చును, నిదురవచ్చినచో ఎవరి యొడిలోనైనను ఒరగును. దినదినమును ఆ చిన్న చేతుల తాకిడికి మార్టి దుఃఖము కరడు కొద్దికొద్దిగా కరగును. బిడ్డను ప్రేమించుట నేర్చిన పిమ్మటగాని ఆమె కన్నులకు బిడ్డతండ్రి కనబడడు. కరుణమున మునిగిన హృదయము వాత్సల్యపు మెట్టు మీదుగా శృంగారమునకు ఎక్కినది. ఈ మెట్టు లేనిచో కథ అతుకులబొంత యగును.

ఈ యుపాయమునకు పరాకాష్ఠ శిశుజననము. పుట్టినవాడు క్లెమ్ కుమారుడు, పెంచువాడు క్లార్క్. ఆ శిశువునకు క్లారిడ్జ్ ల్యూక్ అని పేరిడుదురు. క్లారిడ్జ్ అనునది క్లెమ్ ఇంటిపేరు. మృతుని వంశనామము క్రొత్త యింట నిత్యము పలుకబడుచుండును. దుఃఖమును తుడిచివేయక, దానికి ఇంటిలో నొక చోటిచ్చి కూర్చుండబెట్టిన నేర్పు ఇది. మృతభర్తను మఱచుటయే పునర్వివాహమునకు యోగ్యతయని తలచు కథకులు పెక్కురు. ఈ రచయిత్రి అట్లు తలపలేదు. ఎల్లెన్‌ను క్లార్క్ మఱవలేదు, క్లెమ్‌ను మార్టి మఱవలేదు. ఇరువురు మృతులతో గూడ నలుగురి కాపురమది.

హాస్యమును గూర్చి ఒక యాక్షేపము పుట్టవచ్చును. మార్టికి వంట రాదు. ఆమెకు తెలిసినది పిండి కలిపి పెనముమీద పోయు అట్టొక్కటియే. పూటపూటకును క్లార్కునకు అవే యట్లు వడ్డించును. అతడు మాఱుపలుకక తినును. హాస్యము కరుణమునకు విరోధి గదా, దుఃఖినిని నవ్వులపాలు చేయుట తగునా యని ప్రశ్న. ఇచ్చటి హాస్యము అంగముగానే యున్నది. అంగమైన విరోధిరసము దోషము కాదని శాస్త్రము. పైగా ఆ హాస్యమునకు అడుగున లజ్జ యున్నది. తనకు చేతగాని పనిని ఇతడెఱిగియు ఎత్తిచూపలేదని గ్రహించిన క్షణమున మార్టి మనసున మొదటిమాఱు కృతజ్ఞత పుట్టును. నలునకు హంస చేసిన యుపకారము మార్టికి అట్టు చేసినదనుట పరిహాసము కాదు. రాయబారము మాటలతోనే నడువవలెనను నియమము లేదు. పెదవి విఱువక తిన్న భోజనముగూడ సందేశమే.

విప్రలంభమునందు దీని స్థానమేది? ధనంజయుడు దశరూపకమున శృంగారమును అయోగము, విప్రయోగము, సంభోగమని మూడుగా విభజించెను. అనురాగముండియు పారతంత్ర్యమువలననో దైవమువలననో కూడలేకుండుట అయోగము. మార్టి క్లార్కుల స్థితి కథ ఉత్తరభాగమున అయోగమే యగును. కాని విచిత్రమైన అయోగము. పెండ్లియైనది, ఇల్లొకటే, ఆపు పెద్దలెవ్వరును లేరు. అడ్డు వచ్చునది వారి మర్యాదయే. అతడు తన ఋణమునకు ప్రతిఫలముగా ప్రేమను కోరినట్లగునని భయపడును. ఆమె ఆశ్రయమునకై ప్రేమను నటించినట్లగునని భయపడును. శాస్త్రకారుడు చెప్పిన రెండు హేతువులలో చేరని ఈ మూడవ హేతువును, మర్యాదాజన్యమైన అయోగమును, నవల సమర్థముగా పోషించినది. సాహిత్యదర్పణమున పూర్వరాగము నీలి, కుసుంభము, మంజిష్ఠయని త్రివిధముగా చెప్పబడినది. పైకి మిక్కిలి మెఱయక, మనసునుండి యెన్నటికి తొలగనిది నీలీరాగము. దానికి సీతారాములు ఉదాహరణము. పూర్వరాగమునకు చెప్పిన ఈ భేదము ఇచ్చటి పశ్చాద్రాగమునకు అక్షరాల చెల్లుచున్నది.

సీతారాముల పేరు వచ్చినది గనుక ఒక విషయము ప్రస్తావింపదగును. వాల్మీకి బాలకాండాంతమున, తండ్రి సమ్మతించిన భార్య యగుటచేత సీత రామునకు ప్రియయయ్యెననియు, గుణములచేతను రూపముచేతను ఆ ప్రీతి యంతకంతకు వృద్ధినొందెననియు చెప్పియున్నాడు. ఇదియే పశ్చాద్రాగము. అరవమున కంబమహాకవి విల్లు విఱువకముందే మిథిలలో వారిచూపులు కలసెనని కల్పించెను. ఆ కల్పన యెంత రమణీయమైనను ఒక లోకసత్యమును కప్పివేసినది. పెండ్లి పిమ్మట ప్రీతి పెరుగుటయను ఆదికవి సూచనను విస్తరించినవారు మన కవులలో అరుదు. ఆదికవి ఒక్క మాటలో చెప్పి విడిచినదానిని ఈ పరదేశపు నవల తన కథయంతటికి వస్తువుగా చేసికొన్నది.

కథలో మా గ్రాహమ్ అను పొరుగింటి ప్రౌఢ యున్నది. ఆమెయు వితంతువై, బిడ్డలతో నుండి, బిడ్డలు గల విధురుడైన బెన్ గ్రాహమును అవసరమునకై వివాహమాడినది. నవల పేరునకు మూలమైన యుపదేశము ఆమెదే. నాయికకు సఖిని, నాయకునకు పీఠమర్దుని కల్పించు మన సంప్రదాయమున ఆమెకు సఖీస్థానము దొరకును. కాని ఆమె చేసినది దౌత్యము కాదు. తన బ్రతుకును దృష్టాంతముగా నిలుపుట. నవలలో ఉపదేశము ఇంచుక బాహుళ్యముగానే యున్నను, ఈ పాత్రనోట మాత్రము అది కాంతాసమ్మితముగా వినబడును.

ఇక దోషములు. మొదటిది నాయకచిత్రణము. క్లార్క్ ధీరశాంతుడు, దయాళువు, దైవభక్తుడు. కోపింపడు, విసుగుకొనడు, తప్పటడుగు వేయడు. మార్టి మాఱుచుండును గాని అతడు మాఱడు. భార్య పోయిన పురుషుని దుఃఖమునందలి చీకటిని రచయిత్రి పాఠకునకు మిక్కిలి తక్కువగా చూపినది. అతని భక్తి అతనికి కవచమైనది. కాని కవచము నిరంతరము తొడిగియున్నవాని గాయములు ఎవ్వరికి కనబడవు. మార్టి క్రమముగా దైవవిశ్వాసము పొందుటయు ప్రణయముతో జంటగా నడచును. ఈ రెండు ధారలు కొన్ని చోట్ల ఒకదానికొకటి బలమిచ్చినను, కొన్ని చోట్ల ప్రేమకు కారణము క్లార్క్ గుణములా, క్లార్క్ మతమా యని పాఠకుడు తడబడును.

రెండవది దేశకాలనిర్దేశము. చారిత్రకమని పేరొందిన నవలలో చరిత్ర పలుచగా నున్నది. ఏ సంవత్సరము, ఏ మండలమునను ప్రశ్నలకు కథ స్పష్టముగా బదులీయదు. అమెరికా ప్రభుత్వము 1862లో చేసిన హోమ్‌స్టెడ్ శాసనముచేత అయిదేండ్లు నివసించి సాగుచేసినవారికి 160 ఎకరముల భూమి లభించెను. అవివాహితలును వితంతువులును గూడ అట్లు భూమికి దరఖాస్తు చేసికొన నర్హులే. కథాకాలము ఆ శాసనమునకు పిమ్మటిదని యనుకొన్నచో, మార్టికి వివాహముకంటె వేఱు గతి లేదను మాట కొంత పరీక్షకు నిలువవలసియున్నది. నిండుచూలాలికి చలికాలమున ఒంటరి సేద్యము అసాధ్యమని రచయిత్రి పక్షమున సమాధానము చెప్పవచ్చును. కాని ఆ సమాధానము గ్రంథముననే యున్న బాగుండెడిది. ఆ నేలకు మున్ను స్వాములైన ఆదిమజాతుల గోడునకును ఈ కథలో చోటు దొరకలేదు. గృహస్థాశ్రమమును ఇంత శ్రద్ధతో వర్ణించిన గ్రంథము ఆ గృహము నిలిచిన నేల యెవ్వరిదో అడుగకుండుట చిన్న లోపము కాదు.

భాషను గూర్చి ఒక మాట. కథనము శిష్టాంగ్లమున నడచును. సంభాషణములు పల్లెపట్టు మాటతీరున నడచును. నాయికానాయకులు ఇరువురును వ్యాకరణమునకు లొంగని జానపదభాషనే పలుకుదురు. క్లార్క్ భోజనమునకు ముందు చేయు ప్రార్థనయు ఆ భాషలోనే యుండును. మన రూపకములయందు పాత్రభేదముచేత సంస్కృతప్రాకృతములు వేఱుపడినవి. నాయకునకు సంస్కృతము విధి. ఇచ్చట ఉత్తమపాత్రములకే ప్రాకృతము దక్కినది. అందువలన గౌరవహాని కలుగలేదు సరికదా, ఆ ప్రార్థనకు నిష్కపటత్వము చేకూరినది. పాత్రోచితభాషావిషయమున చర్చలు చేసిన ఆంధ్రపండితులకు ఇది పరిశీలనార్హము. అయితే ఆ వికృతరూపములు పుటపుటను పునరుక్తమగుటచే కొంత విసుగు పుట్టించును.

చలనచిత్రమున మిస్సీని పసిపాపగా గాక ఎదిరించి మాటాడు వయసు పిల్లగా మార్చిరి. దృశ్యమునకు అది అనుకూలమే. కాని ఒడంబడిక లెఱుగని శిశువు కరుణమును కరిగించిన విధము అందు మఱుగుపడినది. మాటకు మాట చెప్పు బాలికను గెలుచుట వాదములో గెలుపు. మాట సరిగా రాని శిశువుచే గెలువబడుట వేఱు.

ఈ నవలను చదివిన మనవారిలో కొందఱు, పెద్దలు కుదిర్చిన పెండ్లియే మేలని పాశ్చాత్యులును ఒప్పుకొన్నారని సంతసింపవచ్చును. ఆ సంతోషము తొందరపాటు. ఈ కథలో వివాహము అపరిచితుల నడుమ జరిగినను అది పరాధీనము కాదు. అడిగినవాడు స్వయముగా అడిగెను. ఒప్పుకొన్నది ఆపదలోనైనను స్వయముగా ఒప్పుకొన్నది. అంతకంటె ముఖ్యము, మరలిపోవు త్రోవ మొదటి దినముననే ఆమెకు చూపబడినది. దారిఖర్చు గూడ వాగ్దానము చేయబడినది. మన దేశమున 1955లో హిందూ వివాహ శాసనము వచ్చువఱకు పెక్కు ప్రాంతముల హిందూస్త్రీలకు శాసనసమ్మతముగా విడివడు త్రోవయే లేకుండెను. త్రోవ లేనిచోట పెరిగినది ప్రేమయో, ఓర్పో, అలవాటో చెప్పుట కష్టము. మార్టి విషయమున ఆ సందేహము లేదు. వసంతము వచ్చినది, బండ్లు సిద్ధమైనవి, వలదన్నవారు లేరు, ఆమె నిలిచినది. ఆనాటి నిలుపే వారి నిజమైన పాణిగ్రహణము. శరత్తున మతగురువు చదివినది దానికి నాంది మాత్రమే.

కావున ఈ నవల చాటునది తొందరపెండ్లి గొప్పతనమును కాదు; తొందరపెండ్లి పిమ్మట తొందరపడని యిరువురి సంయమమును. నాయకచిత్రణమున కొఱతయు, చరిత్రాంశమున పలుచదనమును ఉన్నను, రసవిరోధపరిహారమున ఇది నేర్పు గల రచన. పశ్చాద్రాగము మన యిండ్లలో తరతరములుగా నున్నది. దానిని దాని మౌనముతోను, దాని యన్యాయములతోను గూడ వర్ణింపగల ఆంధ్రనవలాకారునకు వస్తువు కొఱత లేదు. అడ్డుతెర తీసిన పిమ్మటి కథకును కావ్యయోగ్యత గలదనుటకు ఈ గ్రంథము చాలిన నిదర్శనము.